పద్దెనిమిది నిండిన పిల్లలు స్నేహితులతో క్రూయిజ్‌కి వెళ్తామంటే: ఏ షిప్, ఎవరి తోడు, ఏ రేవు నుంచి?

అమెరికాలో మే, జూన్ నెలల్లో హైస్కూల్ గ్రాడ్యుయేషన్లు అవుతూనే మన ఇళ్ళల్లో ఈ మాట వినపడుతుంది: "అమ్మా, మేం నలుగురం కలిసి క్రూయిజ్‌కి వెళ్తాం, మీరెవరూ రానక్కర్లేదు." పిల్లల దృష్టిలో అందులో తప్పేం లేదు. పద్దెనిమిది నిండాయి, ఓటు వచ్చింది, ఆగస్టులో ఎలాగూ వేరే ఊళ్ళో డార్మ్‌లో ఉండబోతున్నారు. కానీ గాల్వెస్టన్‌లోనో మయామీలోనో షిప్ ఎక్కేటప్పుడు చాలా కంపెనీల లెక్కలో పద్దెనిమిదేళ్ళవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళు కారు. ఇది చట్టం పెట్టిన గీత కాదు, కంపెనీలు పెట్టుకున్నది. అందుకే ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అదే కంపెనీలో రేవు మారితే వయసు కూడా మారుతుంది.

చాలామంది ముందు షిప్ చూస్తారు, తర్వాత ధర, తర్వాత తేదీ. వయసు సంగతి ఆన్‌లైన్‌లో పుట్టిన తేదీ కొట్టాక బుకింగ్ ముందుకు కదలకపోతే అప్పుడు గుర్తొస్తుంది. ఇది తలకిందుల పద్ధతి. గుంపులో అందరికంటే చిన్నవాళ్ళెవరు, తోడు వచ్చే పెద్దవాళ్ళెవరు, ఏ రేవు నుంచి బయల్దేరుతున్నారు అనే మూడూ తేలితే, చూడాల్సిన షిప్‌లు మీకు రెండో మూడో మిగులుతాయి. ధరలు అప్పుడు చూసుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

షిప్ బయల్దేరే రోజుకి ఎవరి వయసు ఎంత? బుక్ చేసే రోజు వయసుతో పని లేదు, తిరిగొచ్చే రోజు వయసుతోనూ పని లేదు. షిప్ జూన్ 14న కదిలితే, జూన్ 16న 21 నిండే అమ్మాయి కంపెనీ లెక్కలో ఇరవయ్యేళ్ళ అమ్మాయే. ఆ రెండు రోజుల తేడాతో క్యాబిన్ ఆమె పేరు మీద ఇవ్వరు. ఒక కాగితం మీద అందరి పేర్లూ పుట్టిన తేదీలూ రాసి, అనుకున్న తేదీకి ఎవరికి ఎంత నిండుతుందో పక్కన వేసుకోండి. నాకు తెలిసినంతలో సగం గందరగోళం ఈ ఒక్క పనితో తీరిపోతుంది.

గుంపులో పదిహేడేళ్ళవాళ్ళు ఉన్నారా? సీనియర్ ఇయర్ పిల్లల్లో వేసవిలో పుట్టినవాళ్ళకి గ్రాడ్యుయేషన్ నాటికి ఇంకా 18 రావు. ఒక్కరు అలా ఉన్నా మొత్తం లెక్క మారుతుంది.

తోడు ఎవరు? తల్లిదండ్రులా, పాతికేళ్ళు దాటిన బాబాయో పిన్నో, లేక పెద్దమ్మగారి ఇరవై రెండేళ్ళ కొడుకా? ఈ ముగ్గురిలో ఎవరు వెళ్తారన్నదాన్ని బట్టి కంపెనీ మారుతుంది.

పాస్‌పోర్ట్ ఏ దేశానిది? అమెరికాలో పుట్టిన పిల్లలకీ, హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) ఉన్న పిల్లలకీ నియమాలు ఒకటి కావు. స్నేహితులు నలుగురిలో ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ ఉండటం మన కమ్యూనిటీలో మామూలే.

## ఒక్క చూపులో

| కంపెనీ | అమెరికా రేవుల నుంచి సొంతంగా వెళ్ళే వయసు | తోడు ఎవరు, ఎక్కడ ఉండాలి | ఇతర దేశాల రేవుల నుంచి |
|---|---|---|---|
| కార్నివాల్ | 21 లోపువాళ్ళు సొంతంగా వెళ్ళలేరు | 25 నిండిన బంధువు లేదా గార్డియన్. 18–20 ఏళ్ళవాళ్ళ క్యాబిన్ ఎక్కడున్నా ఫర్వాలేదు | బుకింగ్ పేజీలో ఆ రూటు నియమం చూడాలి |
| రాయల్ కరీబియన్ | 21 | ప్రతి క్యాబిన్‌లోనూ 21 నిండినవాళ్ళు ఒకరు | యూరప్, ఆసియా, ఆస్ట్రేలియా: 18 |
| నార్వేజియన్ | 21 | అదే క్యాబిన్‌లో లేదా ఆనుకుని ఉన్న క్యాబిన్‌లో, బాధ్యత ఒప్పుకునే 21 నిండిన వ్యక్తి | బుకింగ్ పేజీలో ఆ రూటు నియమం చూడాలి |
| ఎమ్ఎస్‌సీ | 21 | క్యాబిన్‌లో 21 నిండినవాళ్ళు | 18 |
| డిస్నీ | 18 | 18 నిండితే తోడు అక్కర్లేదు | 18 |
| వర్జిన్ వాయేజెస్ | 18 | తోడు అక్కర్లేదు; 18 లోపువాళ్ళని అసలు ఎక్కించుకోరు | 18 |

పెళ్ళయిన జంటలకి, సైన్యంలో పనిచేసేవాళ్ళకి కొన్ని కంపెనీలు రుజువు చూపిస్తే మినహాయింపు ఇస్తాయి. స్నేహితుల గుంపుకి అవి పనికిరావు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. ఈ నియమాలు కంపెనీలు అప్పుడప్పుడూ మారుస్తుంటాయి. డబ్బు కట్టే రోజు కంపెనీ సొంత సైట్‌లో ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

## కార్నివాల్: తోడు పాతికేళ్ళవాళ్ళు, క్యాబిన్ మాత్రం పిల్లలదే

మొదట చూస్తే కార్నివాల్ నియమమే అన్నిటికంటే కఠినంగా అనిపిస్తుంది. అందరూ 21 అంటుంటే ఇక్కడ తోడు వచ్చేవాళ్ళకి 25 ఉండాలి. కాలేజీ చదివే అన్నయ్య, ఉద్యోగం చేసే ఇరవై మూడేళ్ళ అక్క పనికిరారు.

కానీ తల్లిదండ్రులు ఎలాగూ వస్తామంటే పిల్లలకి ఎక్కువ చోటు ఇచ్చేది ఇదే. 18 నుంచి 20 ఏళ్ళవాళ్ళకి క్యాబిన్ ఎక్కడ ఉండాలన్న నిబంధన లేదు. అమ్మానాన్నలు ఆరో అంతస్తులో బాల్కనీ క్యాబిన్‌లో, పిల్లలు నలుగురు రెండో అంతస్తులో కిటికీ లేని లోపలి క్యాబిన్‌లో ఉండొచ్చు. పొద్దున ఎవరి పనులు వాళ్ళవి, రాత్రి భోజనానికి ఒక బల్ల దగ్గర కలవొచ్చు. "మేం వస్తాం గానీ మీ వెంట పడం" అన్న మాట నిలబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనపడలేదు. పైగా ఒకే క్యాబిన్‌లో మూడో మనిషికి, నాలుగో మనిషికి ధర సాధారణంగా తగ్గుతుంది, కాబట్టి నలుగురికీ ఒక లోపలి క్యాబిన్ తీసుకుంటే ఖర్చు బాగా కలిసొస్తుంది. ఒక్క మాట: నలుగురికీ ఉండేది ఒకటే బాత్రూమ్, గోడకి మడిచే పై మంచాలు. నలుగురు ఆడపిల్లలు ఫార్మల్ నైట్‌కి తయారవ్వాలంటే కష్టమే.

13 నుంచి 17 ఏళ్ళవాళ్ళయితే తోడు పెద్దవాళ్ళ క్యాబిన్‌కి పది గదుల లోపు ఉండాలి. గుంపులో పదిహేడేళ్ళ అబ్బాయి ఉంటే పైన చెప్పిన రెండో అంతస్తు ఏర్పాటు కుదరదు, క్యాబిన్లు దగ్గరదగ్గరగా తీసుకోవాలి.

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ కుటుంబాలకి గాల్వెస్టన్ నుంచి కార్నివాల్ దగ్గర. కారులో వెళ్ళి ఎక్కొచ్చు, నాలుగైదు విమాన టికెట్లు మిగులుతాయి. శాకాహారులకి ఇంకో మేలు: మెయిన్ డైనింగ్ రూమ్‌లో అడిగితే ఇండియన్ వెజిటేరియన్ భోజనం పెడతారు. ముందు రోజు రాత్రే చెప్పి ఉంచితే బాగా చేస్తారు.

## రాయల్ కరీబియన్, నార్వేజియన్: ఇరవై రెండేళ్ళ అన్నయ్య మీద పెట్టే బరువు

ఈ ఏర్పాటు మన ఇళ్ళల్లో చాలామందికి నచ్చుతుంది. తల్లిదండ్రులకి సెలవు దొరకదు, పిల్లలకి తల్లిదండ్రులు రావడం ఇష్టం ఉండదు. మధ్యలో పెద్దమ్మ కొడుకో మేనత్త కూతురో ఇరవై రెండేళ్ళవాళ్ళు ఉంటారు. "వాడు వెళ్తున్నాడుగా, భయమేముంది" అనేసుకుంటాం.

నియమం ప్రకారం ఇది కుదురుతుంది. రాయల్ కరీబియన్‌లో అమెరికా రేవుల నుంచి ప్రతి క్యాబిన్‌లో 21 నిండినవాళ్ళు ఒకరుండాలి. "ప్రతి క్యాబిన్‌లో" అన్నచోట ఆగి ఆలోచించండి. ఆరుగురు పిల్లలకి రెండు క్యాబిన్లు కావాలంటే ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి, ఒక్క అన్నయ్య సరిపోడు. తల్లిదండ్రులు పక్క క్యాబిన్‌లో ఉంటే సొంత పిల్లలు విడిగా ఉండొచ్చన్న మినహాయింపు ఉంది గానీ అది సొంత పిల్లలకే. మీ అబ్బాయితో పాటు వచ్చే స్నేహితుడికి మీరు చట్టప్రకారం గార్డియన్ కారు. అందుకే రాయల్ కరీబియన్‌లో రెండు కుటుంబాల పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు అమ్మ పేరు మీద అమ్మాయిల క్యాబిన్, నాన్న పేరు మీద అబ్బాయిల క్యాబిన్ బుక్ చేస్తుంటారు. వెళ్ళేముందు ఇది పిల్లలకి చెప్పండి, అక్కడికి వెళ్ళాక అమ్మ తమ గదిలోనే పడుకుంటుందని తెలిస్తే మొహాలు మాడతాయి.

నార్వేజియన్‌లో కొంచెం వెసులుబాటు ఉంది. పెద్దవాళ్ళు ఆనుకున్న క్యాబిన్‌లో ఉన్నా సరిపోతుంది, కానీ 21 నిండిన ఆ వ్యక్తి మొత్తం ప్రయాణానికి బాధ్యత తనదేనని ఒప్పుకోవాలి.

ఈ "బాధ్యత" ఏమిటో ఆ అన్నయ్యకి ఎవరూ విడమరిచి చెప్పరు. గుంపులో ఒకడు బార్‌లో వేరేవాళ్ళ కార్డు మీద తాగి పట్టుబడ్డాడనుకోండి, కబురు ముందు ఇతనికే వస్తుంది. గొడవ ముదిరితే తర్వాతి రేవులో దింపేయొచ్చు, అప్పుడు మెక్సికోలోని కొజుమెల్ నుంచి ఇంటికి టికెట్లు కొనాల్సింది వీళ్ళే. పదిహేడేళ్ళ పిల్లవాడికి అపెండిసైటిస్ నొప్పి వస్తే వైద్యానికి ఒప్పుకునే మనిషి ఇతనే, దానికి కూడా తల్లిదండ్రులు రాసిచ్చిన కాగితం కావాలి. ఓడలో వైద్యం బిల్లు క్యాబిన్ ఖాతాకి ఎక్కుతుంది, ఆ ఖాతాకి కట్టిన క్రెడిట్ కార్డు ఎవరిదైతే వాళ్ళు కట్టాలి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన సెలవు గడపడానికి వచ్చి, నలుగురి మీద కన్ను వేసి ఉంచాలి.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తమ్ముడో చెల్లెలో ఒక్కరు, వాళ్ళ స్నేహితులు ఒకరిద్దరు, అందరూ 18 దాటినవాళ్ళు అయితే ఇది చక్కని ఏర్పాటు. గుంపు నలుగురు దాటినా, అందులో మైనర్ ఉన్నా, ఇరవై రెండేళ్ళవాళ్ళ మీద ఆ భారం పెట్టొద్దు. వెళ్ళేముందు ఆ అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తల్లిదండ్రులందరూ అతని ముందే మాట్లాడుకోండి. క్యాబిన్ ఖాతాకి పిల్లల తల్లిదండ్రులే ఎవరి కార్డు వాళ్ళది పెట్టండి. ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా సముద్రం మీద పనిచేస్తుందని అనుకోవద్దు.

కీ కార్డులు మార్చుకోవడం గురించి. అమ్మానాన్నల పేర్లు ఒక్కో క్యాబిన్‌లో పెట్టి, ఎక్కాక గదులు మార్చుకోవడం చాలామంది చేసే పనే. అమ్మానాన్నలు నిజంగా షిప్‌లో ఉండి, సొంత పిల్లల విషయంలో చేస్తే పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. కానీ షిప్‌కే రాని మనిషి పేరు పెట్టి బుక్ చేసి, ఆ మనిషి చివరి రోజు "రాలేకపోయారు" అని పిల్లలు రేవులో చెప్పడం వేరు. చెకిన్ బల్ల దగ్గర పేర్లూ పుట్టిన తేదీలూ ఒక్కొక్కటిగా పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. క్యాబిన్‌లో 21 నిండినవాళ్ళు లేరని అక్కడ తేలితే మిగతావాళ్ళెవరినీ ఎక్కించుకోరు. సామాను అప్పటికే లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, డబ్బు తిరిగి రాదు. ఈ దారి పిల్లలకి ఎవరు చెప్పినా మీరు ఒప్పుకోవద్దు.

## డిస్నీ, వర్జిన్: పద్దెనిమిదికే తలుపు తీసేవి

తోడు లేకుండా వెళ్ళాలంటే పై పట్టికలో అమెరికా రేవులకి ఉన్న పేర్లు ఈ రెండే. ఒకదానితో ఒకదానికి పోలికే లేదు, కాబట్టి ఎంపిక పిల్లల స్వభావాన్ని బట్టి చేయాలి.

డిస్నీ అంటే చిన్నపిల్లల షిప్ అని పద్దెనిమిదేళ్ళవాళ్ళు మూతి ముడుస్తారు. కానీ 18–20 ఏళ్ళవాళ్ళ కోసం ప్రత్యేకంగా "1820 సొసైటీ" పేరుతో కూడే కార్యక్రమాలు ఇక్కడ ఉంటాయి. చాలా కంపెనీల్లో ఈ వయసు వాళ్ళకంటూ ప్రత్యేకమైన చోటు ఉండదు. టీన్ క్లబ్బులు 17 దగ్గర ఆగిపోతాయి, కార్నివాల్‌లో పెద్దవాళ్ళకే ఉంచిన సెరెనిటీ డెక్ 21 దగ్గర మొదలవుతుంది, మధ్యలో ఉన్నవాళ్ళు ఎటూ చెందరు. రాత్రి పదకొండు దాటాక భయపడాల్సిన వాతావరణం కాదు, ఓడ మొత్తం కుటుంబాలే. బిడియస్థులైన పిల్లలకి, మొదటిసారి ఇంటి నుంచి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది మంచిది. దోషం ఒక్కటే, ధర. అదే రోజులకి కార్నివాల్‌తో పోలిస్తే చాలా ఎక్కువ పడుతుంది. స్కూల్ సెలవుల్లో ఇంకా ఎక్కువ.

వర్జిన్ వాయేజెస్ 18 నిండినవాళ్ళకి మాత్రమే. 2021లో స్కార్లెట్ లేడీ అనే ఓడతో మొదలైంది, ముందు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి, తర్వాత మయామీ నుంచి. ఓడలో పచ్చబొట్లు వేసే దుకాణం ఉంటుంది, రాత్రుళ్ళు పార్టీలు, డీజేలు. అన్ని రెస్టారెంట్లూ టికెట్ ధరలోనే వస్తాయి, అది పిల్లల పర్సుకి మేలు. కానీ ఓడలో ఎక్కువమంది వీళ్ళకంటే బాగా పెద్దవాళ్ళు. కరీబియన్ రూట్లలో 21 లోపువాళ్ళకి మద్యం ఇవ్వరు, చుట్టూ అందరూ తాగుతుంటే వీళ్ళు నలుగురు సోడా పట్టుకుని నిలబడాలి. క్యాబిన్లు చాలావరకు ఇద్దరికే, కాబట్టి నలుగురికి రెండు తీసుకోవాలి. ఆడపిల్లలు నలుగురైతే ఈ రెండు క్యాబిన్లూ పక్కపక్కనే ఉండేలా అడిగి తీసుకోండి.

నాకు డిస్నీ వైపే మొగ్గు. పిల్లలు దాన్ని చప్పటి ఎంపిక అనుకోవచ్చు గానీ, పద్దెనిమిదేళ్ళకి పెద్దవాళ్ళ తోడు లేకుండా సముద్రం మీదకి వెళ్ళే మొదటి ప్రయాణానికి తమ వయసువాళ్ళు దొరికే చోటు ముఖ్యం. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు వచ్చి, కాలేజీలో రెండేళ్ళు సొంతంగా గడిపి, తమ హద్దులు తమకి తెలిసినవాళ్ళయితే వర్జిన్‌కి నేను అడ్డు చెప్పను.

## రేవు మార్చుకుంటే: సౌతాంప్టన్, బార్సిలోనా, సింగపూర్

రాయల్ కరీబియన్‌లోనే యూరప్ నుంచో ఆసియా నుంచో బయల్దేరితే 18 నిండినవాళ్ళు సొంతంగా క్యాబిన్ తీసుకోవచ్చు. మద్యం వయసు కూడా అక్కడ 18కి దిగుతుంది. అది పిల్లలు సంతోషించే సంగతి, తల్లిదండ్రులు లెక్కలో పెట్టుకోవాల్సిన సంగతి.

బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకి సౌతాంప్టన్ సహజమైన ఎంపిక. హైదరాబాద్‌లో ఇంటర్ అయ్యి బీటెక్‌లో చేరిన పిల్లలకి సింగపూర్ దగ్గర, నేరుగా విమానం ఉంది, నాలుగైదు గంటల ప్రయాణం. సింగపూర్‌లో ఒక మెలిక ఉంది. ఓడ పెనాంగ్, ఫుకెట్ వెళ్ళి తిరిగి సింగపూర్‌కే వస్తుంది, అంటే సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెట్టినట్టు. వీసా ఒక్కసారికే పనికొచ్చేదైతే తిరిగొచ్చేటప్పుడు ఇబ్బంది. వీసా చేతికి రాగానే మళ్ళీమళ్ళీ వెళ్ళడానికి వీలుందో లేదో చూడండి.

అమెరికా నుంచి పిల్లల్ని వయసు నియమం తప్పించుకోవడం కోసమే బార్సిలోనాకి పంపడం నాకు నచ్చదు. విమానం ఛార్జీలు కలిపితే డిస్నీ ధరని మించిపోవచ్చు. యూరప్ చూడాలన్న కోరిక ఎలాగూ ఉంటే అది వేరే మాట.

## గుంపులో ఒక్కరికైనా 18 నిండకపోతే

వర్జిన్ పోయినట్టే. డిస్నీలో కూడా ఆ పిల్లవాడికి పెద్దవాళ్ళ తోడూ, తల్లిదండ్రులు సంతకం పెట్టిన అనుమతి పత్రమూ కావాలి. స్నేహితురాలి కుటుంబంతో మీ అమ్మాయిని పంపుతుంటే, ఏ కంపెనీ అయినా సరే, ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలతో నోటరీ చేయించిన ఉత్తరం ఇచ్చి పంపండి. అందులో పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఎవరితో వెళ్తోంది, ఏ షిప్, ఏ తేదీలు, అత్యవసరమైతే వైద్యానికి ఒప్పుకునే అధికారం ఎవరికిస్తున్నారు, మీ ఫోన్ నంబర్లు ఉండాలి. బ్యాంకులో నోటరీ పని పది నిమిషాల్లో అయిపోతుంది.

ఓడ లోపల కూడా 17కీ 18కీ మధ్య గోడ ఉంటుంది. కార్నివాల్‌లో క్లబ్ ఓ2 15–17 ఏళ్ళవాళ్ళకి. రాయల్ కరీబియన్ టీన్ క్లబ్ కూడా 17 వరకే. పదిహేడేళ్ళ అమ్మాయి అందులోకి వెళ్తే పద్దెనిమిదేళ్ళ ప్రాణస్నేహితురాలు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. రాత్రి నైట్‌క్లబ్ తెరిచాక ఇది తలకిందులుగా జరుగుతుంది. మైనర్లు ఫలానా సమయం దాటాక పెద్దవాళ్ళు లేకుండా డెక్‌ల మీద తిరగకూడదన్న కర్ఫ్యూలు కూడా ఉంటాయి. వారం రోజులు రాత్రి పూట విడిపోవడం పిల్లలకి ఇష్టమేనా అని అడగండి. వీలైతే ఆ ఒక్కరి పుట్టినరోజు దాటేదాకా ప్రయాణం వాయిదా వేయండి. ఆగస్టు రెండో వారంలో కూడా షిప్‌లు ఉంటాయి.

## కాగితాలు: ఇక్కడ తప్పు జరిగితే వయసు సరిపోయినా లాభం లేదు

అమెరికా పౌరులు అదే రేవుకి తిరిగొచ్చే క్రూయిజ్‌లో 16 దాటితే జనన ధ్రువపత్రం, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డుతో వెళ్ళొచ్చు. అయినా పాస్‌పోర్ట్ ఇచ్చే పంపండి. కొజుమెల్‌లో షిప్ తప్పిపోతే విమానం ఎక్కాలి, దానికి పాస్‌పోర్ట్ కావాలి. 16 ఏళ్ళలోపు తీసుకున్న అమెరికన్ పాస్‌పోర్ట్ ఐదేళ్ళకే ముగుస్తుంది. పదమూడో ఏట తీసుకున్నది సరిగ్గా గ్రాడ్యుయేషన్ వేసవికే గడువు దాటుతుంది. ఇవాళే తీసి చూడండి.

హెచ్-4 పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వీసా స్టాంప్ గడువు దాటి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం చెల్లుబాటులో ఉంటే, మెక్సికో లేదా కెనడాకి 30 రోజుల లోపు వెళ్ళొచ్చినవాళ్ళకి ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. బహామాస్, జమైకా లాంటి దగ్గరి దీవులకి ఆ వెసులుబాటు ఎఫ్-1 (విద్యార్థి), జే-1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకే, హెచ్-4కి లేదు. గాల్వెస్టన్ నుంచి కొజుమెల్, ప్రోగ్రెసో మాత్రమే వెళ్ళే ఐదు రోజుల రూటు పూర్తిగా మెక్సికో. అదే వారం రోజుల రూటులో హోండురస్‌లోని రోఅటాన్ కలిస్తే ఆ వెసులుబాటు ఎవరికీ వర్తించదు. ఒకే షిప్, ఒకే రేవు, రూటు మారితే ఒక పిల్లవాడు తిరిగి రాలేని పరిస్థితి. స్టాంప్ గడువు దాటిన పిల్లలు గుంపులో ఉంటే, కుటుంబం ఇమిగ్రేషన్ లాయర్‌కి రూటు చూపించి, సరేనన్నాకే డబ్బు కట్టండి. ఎఫ్-1 పిల్లలైతే కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం తాజాగా ఉందో లేదో చూసుకోవాలి. స్టాంప్ చెల్లుబాటులో ఉంటే ఇంత తలనొప్పి లేదు. అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మెక్సికో విడిగా వీసా కూడా అడగదు.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. పిల్లలకి 18 నిండాక అమెరికా ఆసుపత్రులు తల్లిదండ్రులకి కూడా వాళ్ళ వివరాలు చెప్పడానికి వెనకాడతాయి. పిల్లల చేత మీ పేరు మీద వైద్య అధికార పత్రం ఒకటి సంతకం పెట్టించి, ఫోటో తీసి ఫోన్లో ఉంచండి. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఎలాగూ అవసరమే.

## మద్యం మాట దాటవేయొద్దు

ఓడ మీద 21, కొజుమెల్ రేవులో దిగితే 18. ఇది పిల్లలందరికీ తెలుసు, మనం మాట్లాడకపోయినా. పొద్దున దిగి, ఎండలో రెండు మార్గరీటాలు తాగి, అద్దె స్కూటర్ ఎక్కితే ఏమవుతుందో వాళ్ళకి చెప్పాల్సింది మనమే. అక్కడ కొన్న సీసా ఓడ ఎక్కేటప్పుడు తీసి పక్కన పెడతారు, 21 లోపువాళ్ళకి చివరి రోజు కూడా తిరిగివ్వరు. అమెరికా కస్టమ్స్ కూడా 21 లోపువాళ్ళని మద్యం తేనివ్వదు. ఓడలో ప్రతి కొనుగోలు కార్డు మీదే జరుగుతుంది, కార్డులో పుట్టిన తేదీ ఉంటుంది. 21 నిండినవాళ్ళు చిన్నవాళ్ళకి కొనిస్తే ఇద్దరికీ ప్రమాదం. ఈ మాట ఆ ఇరవై రెండేళ్ళ అన్నయ్యకి ప్రత్యేకంగా చెప్పండి.

## మీ ఇంటి పరిస్థితికి ఏది

- అందరికీ 18 నిండాయి, ఎవరూ తోడు రాలేరు, బడ్జెట్ ఫర్వాలేదు: డిస్నీ, మూడు నాలుగు రాత్రులది.
- అందరూ 19–20, కాలేజీ పిల్లలు: వర్జిన్. పక్కపక్క క్యాబిన్లు.
- తల్లిదండ్రులు వస్తారు గానీ దూరంగా ఉంటారు: కార్నివాల్. మైనర్ లేకపోతే క్యాబిన్లు విడివిడిగా.
- ఇరవై రెండేళ్ళ అన్నయ్యో అక్కో, ఇద్దరు ముగ్గురు పిల్లలు: రాయల్ కరీబియన్ లేదా నార్వేజియన్, పైన చెప్పిన మాటలన్నీ ముందే మాట్లాడుకుని.
- గుంపులో స్టాంప్ గడువు దాటిన హెచ్-4 పిల్లలు: లాయర్ ఒప్పుకుంటే మెక్సికో రేవులు మాత్రమే ఉన్న రూటు. లేకపోతే క్రూయిజ్ మానేసి ఫ్లోరిడాలో బీచ్ దగ్గర ఇల్లు అద్దెకి. ఒక్క స్నేహితుణ్ణి వదిలేసి మిగతావాళ్ళు వెళ్ళడం కంటే అదే నయం.
- బ్రిటన్, హైదరాబాద్ పిల్లలు: సౌతాంప్టన్, సింగపూర్ నుంచి రాయల్ కరీబియన్. 18 నిండితే తోడు అక్కర్లేదు.

బుక్ చేసే ముందు కంపెనీకి ఫోన్ చేసి అడగడం కంటే చాట్‌లోనో ఈమెయిల్‌లోనో అడగండి, జవాబు రాతలో ఉంటుంది. ఇలా రాయండి: బయల్దేరే తేదీ ఇది, రేవు ఇది, ఒక్కో క్యాబిన్‌లో ఉండేవాళ్ళ పుట్టిన తేదీలు ఇవి, తోడు వచ్చే వ్యక్తికి వీళ్ళతో చుట్టరికం ఇది, ఈ ఏర్పాటుతో అందర్నీ ఎక్కించుకుంటారా, ఏయే పత్రాలు తేవాలి? "అవును" అని వచ్చిన జవాబుని ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌లతో పాటు పెట్టండి. చివరి వాయిదా కట్టే తేదీ సాధారణంగా బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందే ఉంటుంది, ఆ తర్వాత మానుకుంటే డబ్బు పోతుంది. పుట్టిన తేదీల కాగితం, లాయర్ మాట, కంపెనీ జవాబు ఈ మూడూ ఆ తేదీకి ముందే మీ చేతిలో ఉండేలా చూసుకోండి.